దావా వేసే ముందు: ఒంగోలు, నెల్లూరు వైపు క్వారీ, వ్యాపారం, కూలి, కాపురం తగాదాలకు ఏ దారి మేలు?

సోమవారం పొద్దున మా వకీలుగారి ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగం మంది చేతిలో బట్టల షాపు సంచి ఉంటుంది. సంచి నిండా కాగితాలు. కిందటేడు చీమకుర్తి నుంచి గ్రానైట్ స్లాబుల వ్యాపారి ఒకాయన వచ్చి, సంచి బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "అన్నా, దావా వెయ్యాల. వాణ్ని కోర్టు మెట్లు ఎక్కించాల."

నేను గుమాస్తాను, వకీలును కాను. నాలుగేళ్లు నెల్లూరులో, ఇరవై రెండేళ్లుగా ఒంగోలులో వాయిదాలు రాసుకుంటూ, సర్టిఫైడ్ కాపీలకు అర్జీలు పెడుతూ బతుకుతున్నాను. ఎవరొచ్చినా ముందు అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను. "అంతా అయిపోయాక నీ చేతికి ఏం రావాల?"

కాసేపు ఆలోచించాడు. "పదకొండు లక్షలు రావాల. వాడి మొహం మళ్లీ చూడకూడదు."

ఈ రెండూ ఒకే దారిలో దొరకవు. డబ్బు త్వరగా రావాలంటే వాడి మొహం నాలుగైదుసార్లు చూడాలి. మొహం చూడకుండా ఉండాలంటే ఏళ్ల తరబడి వాయిదాలు తిరగాలి, అప్పుడు కూడా కోర్టు హాల్లో వాడు మన పక్క బెంచీలోనే ఉంటాడు. అందుకే దారి ఎంచుకునేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టమంటాను. చివర్లో ఏ కాగితం కావాలి, ఆ కాగితాన్ని ఎవరు అమలు చేస్తారు, అది తేలితే ఏ తలుపు తట్టాలో సగం తేలినట్టే.

ఏ కాగితానికి ఎంత బరువు

సివిల్ కోర్టులో గెలిస్తే డిక్రీ వస్తుంది. చాలామంది డిక్రీతోనే డబ్బు వస్తుందనుకుంటారు. అవతలివాడు తనంతట తాను కట్టకపోతే మనం ఈపీ వేయాలి, అంటే డిక్రీని అమలు చేయమని ఇంకో పిటిషన్. వాడి పేరున ఏమేం ఉన్నాయో మనమే వెతికి రాసివ్వాలి. ఇల్లు భార్య పేరున ఉంటుంది, లారీ ఫైనాన్సులో ఉంటుంది, బ్యాంకు ఖాతాలో పదకొండు వందలుంటాయి. జప్తుకు వెళ్లిన అమీనా, అంటే కోర్టు బంట్రోతు, "ఇంటికి తాళం వేసి ఉన్నది" అని రాసుకొస్తాడు. డబ్బు డిక్రీ అమలుకు చట్టం 12 ఏళ్ల గడువిచ్చింది. ఆ పన్నెండేళ్లూ వాడుకున్నవాళ్లను నేను చూశాను.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే వచ్చే అవార్డుకు కూడా డిక్రీకి ఉన్నంత బరువే ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెండింగ్‌లో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు ఇస్తారు. అసలు కేసే వేయకుండా ప్రీ లిటిగేషన్ కింద కూడా పెట్టుకోవచ్చు, దానికి ఫీజే లేదు. ఇంత సదుపాయం ఉన్నా మనవాళ్లకు అదేదో తక్కువరకం కోర్టు అన్న చిన్నచూపు.

నిజంగా బరువు లేనిది వేరే ఉంది. పెద్దమనుషులు కూర్చోబెట్టి వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించే రాజీ. అది ఉత్త ఒప్పందం. అవతలివాడు తప్పితే ఆ కాగితం పట్టుకుని మళ్లీ మొదటి నుంచి దావా వేయాలి. ఊళ్లో పెద్దల మాటతో రాజీ కుదిరితే మంచిదే, కానీ అదే రాజీని లోక్ అదాలత్‌కు తీసుకెళ్లి అవార్డు చేయించుకోండి. ఒక శనివారం ఖర్చవుతుంది, అంతే.

వ్యాపారం బాకీలు

మా దగ్గరికొచ్చే తగాదాల్లో ఎక్కువ ఇవే. గ్రానైట్, పొగాకు, రొయ్యల ఫీడు, సిమెంటు, ఏదైనా కథ ఒకటే: సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు. దీనికి నాలుగు దారులున్నాయి. ఏది నడుస్తుందన్నది మీ చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఉంటుంది.

చెక్కు ఉండి అది బౌన్సయితే ముందు తారీఖులు చూసుకోండి. బ్యాంకు నుంచి రిటర్ను మెమో సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక వాడికి 15 రోజుల టైముంటుంది. ఆలోపు కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. కోర్టులో కేసు వేయడం ఆలస్యమైతే తగిన కారణం చూపి మాఫీ అడగొచ్చు. నోటీసు ఆలస్యమైతే మాఫీ లేదు. ఇది నాకు మా ఇంట్లోనే అనుభవం. మా తమ్ముడి చెక్కు వాపసొస్తే బ్యాంకువాళ్లు ఫోనులో మెసేజ్ పంపారు, మెమో కాగితం వారం తర్వాత ఇచ్చారు. నేను కాగితం చేతికొచ్చిన రోజు నుంచి లెక్కేసుకున్నాను. అవతలి వకీలు మెసేజ్ తారీఖు చూపించాడు. చెక్కు మూడు నెలల గడువులోపు ఉంటే మళ్లీ బ్యాంకులో వేసి కొత్తగా లెక్క మొదలుపెట్టేవాళ్లం, ఆ గడువు కూడా అప్పటికే పోయింది. వకీలు గుమాస్తా ఇంట్లో ఇలా జరిగిందని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

చెక్కు కేసు క్రిమినల్ కేసు. శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా పడొచ్చు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకుంది. ఆ భయంతోనే చాలా బాకీలు మధ్యలోనే తీరిపోతాయి. అందుకే చెక్కుండి, తారీఖులు సరిగా ఉంటే నేను ముందు ఈ దారే చెబుతాను. దాంతోపాటు బాకీ దావా గడువు మూడేళ్లు దాటకుండా కూడా ఒక కన్నేసి ఉంచాలి. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని సివిల్ గడువు ఆగదు.

మీరే సరుకు తయారుచేసే చిన్న యూనిట్ అయితే, అంటే పాలిషింగ్ ఫ్యాక్టరీయో, మార్కాపురం పలకల యూనిటో అయితే, ఉద్యం నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు ఉంటే, చిన్న పరిశ్రమలకు రావాల్సిన బాకీలు తేల్చే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. 2006 చట్టం ప్రకారం కొనుగోలుదారు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అక్కడ వచ్చిన అవార్డును సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. వాయిదాలతో సాగదీద్దామనుకునేవాడి ఉత్సాహం ఈ షరతు దగ్గరే చల్లారుతుంది. ఆన్‌లైన్‌లోనే వేసుకోవచ్చు, సివిల్ దావాలా మొత్తం మీద శాతం చొప్పున కోర్టు ఫీజు కట్టే పని లేదు. ఒక్క షరతు: ఉద్యం నమోదు సరుకు పంపకముందే అయి ఉండాలి. బాకీ పడ్డాక పరుగెత్తి నమోదు చేయించుకుంటే అవతలి వకీలు మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు.

మన స్లాబుల వ్యాపారికి ఈ దారి లేదు. ఆయన కొని అమ్మేవాడు, తయారుచేయడు. ట్రేడర్‌కు ఉద్యం ఉన్నా ఆలస్యపు చెల్లింపుల కౌన్సిల్ సాయం దొరకదు. చెక్కు కూడా తీసుకోలేదు, "మనోడే కదా" అని. మిగిలింది దావా.

అయితే వ్యాపార లావాదేవీ మూడు లక్షలు, అంతకు మించితే అది కమర్షియల్ తగాదా. వెంటనే స్టే లాంటిది అవసరమైతే తప్ప, ముందు మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి వెళ్లకుండా దావా వేయడానికి లేదు. కమర్షియల్ కోర్టుల చట్టంలో 12ఏ సెక్షన్ అది. ఇది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది, నేరుగా వేస్తే దావా తిరస్కరిస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర అర్జీ పెడితే మూడు నెలల్లో తేలాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు. ఆ కాలం దావా గడువులో లెక్కకు రాదు.

మీడియేషన్ అనగానే మా వ్యాపారి మొహం చిట్లించాడు. "మళ్లీ పంచాయితీనా అన్నా?" అన్నాడు. మనుమసిద్ధి గద్దె పోయినప్పుడు తిక్కన ఓరుగల్లు దాకా రాయబారం వెళ్లొచ్చాడని నెల్లూరోళ్లు గొప్పగా చెప్పుకుంటారు, అదే మనదాకా వస్తే నామోషీ. సరే, బలవంతాన వెళ్లాడు. అవతలాయన మొదటి రోజు రాలేదు. రెండోసారి వచ్చి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. మూడోసారి మీడియేటర్ ఇద్దరికీ టీ తెప్పించి, "అసలు ఏ లోడు దగ్గర చెడింది?" అని అడిగాడు. అప్పుడు బయటపడింది. ఒక లోడులో కొన్ని స్లాబుల్లో హెయిర్ క్రాకులున్నాయట. ఆయన ఫోన్ చేస్తే మనాయన "కొనేటప్పుడు చూసుకోలేదా" అని పెట్టేశాడట. ఆ ఒక్క మాటకు పదకొండు లక్షలు ఆగాయి. ఈ సంగతి ప్లెయింటులో, అంటే దావా కాగితంలో ఎక్కడా ఉండేది కాదు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒకవేళ వచ్చినా నాలుగేళ్ల తర్వాత వచ్చేది. క్రాకుల స్లాబులకు లక్షా ముప్పైవేలు తగ్గించి, మిగతాది మూడు విడతల్లో అని రాసుకున్నారు. అలా కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డు, అంటే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న ప్రైవేటు తీర్పరి ఇచ్చే తీర్పు హోదా ఉంటుంది, విడత తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు.

అన్నిచోట్లా ఇలా జరగదు. అవతలివాడు దివాలా తీసే దశలో ఉన్నా, ఆస్తులు అమ్మేసుకుంటున్నా మీడియేషన్‌లో కూర్చుంటే వాడికి టైమిచ్చినట్టే. అప్పుడు తీర్పుకు ముందే జప్తు అడుగుతూ దావా వేయడమే దారి. వాడు ఆస్తి తప్పిస్తున్నాడని ఆధారం చూపాలి, ఉత్త అనుమానం చాలదు.

ఇక మీ మీదే సమన్లు వస్తే దాన్ని టీవీ మీద పెట్టి మరిచిపోవద్దు. మామూలు దావాలో జవాబు 30 రోజుల్లో, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. కమర్షియల్ దావాలో 120 రోజులు దాటితే జవాబు వేసే హక్కే పోతుంది.

క్వారీ తగాదాలు

క్వారీ అనే మాట కింద నాలుగు రకాల తగాదాలుంటాయి. తేడా తెలియక తప్పు తలుపు దగ్గర రెండేళ్లు గడిపినవాళ్లున్నారు.

భాగస్వాములతో తగాదా అయితే ముందు పార్ట్‌నర్‌షిప్ డీడ్ తీయండి. ఫర్మ్ రిజిస్టర్ అయిందా? కాకపోతే 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ అడ్డొస్తుంది. బయటివాళ్ల మీద ఫర్మ్ దావా వేయలేదు, ఒప్పందంలోని హక్కుల కోసం భాగస్వామి ఇంకో భాగస్వామి మీద వేయలేడు. ఫర్మ్ రద్దు చేసి లెక్కలు తేల్చమని మాత్రం అడగొచ్చు. రిజిస్ట్రేషన్‌కు అయ్యే ఖర్చు ఎంత తక్కువో, అది లేక పడే బాధ అంత ఎక్కువ.

డీడ్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే సివిల్ కోర్టుకు వెళ్లినా అవతలివాడు అడగ్గానే కోర్టు మిమ్మల్ని అటే పంపుతుంది. ఆర్బిట్రేషన్ త్వరగా అవుతుంది. ప్లీడింగ్స్, అంటే ఇద్దరి రాతపూర్వక వాదనలు పూర్తయ్యాక 12 నెలల్లో అవార్డు రావాలని చట్టం. గుట్టు కూడా బయటపడదు. ఎన్ని బ్లాకులు పర్మిట్‌తో వెళ్లాయి, ఎన్ని రాత్రిపూట వెళ్లాయి అన్న లెక్కలు ఓపెన్ కోర్టులో వినిపించాలని ఏ క్వారీ యజమానీ కోరుకోడు. ఇబ్బంది ఖర్చుతోనే. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగో షెడ్యూల్ లెక్కలో 28 లక్షల తగాదాకు ఆర్బిట్రేటర్ ఫీజు 97,500 మీద, 20 లక్షలకు పైబడిన 8 లక్షలకు 3 శాతం, అంటే ఇంకో 24,000. ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే మొత్తానికి పావు వంతు అదనం. అన్నీ కలిపి లక్షా యాభైవేలు దాటుతుంది, వకీలు ఫీజు కాకుండా. సివిల్ కోర్టులో జడ్జికి మనం జీతమివ్వం. కాబట్టి పది లక్షల లోపు తగాదాకు ఆర్బిట్రేషన్ పెట్టుకోవడం నా దృష్టిలో దండగ. కోటి దాటితే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

లీజు ఒకరి పేరున, పని చేసేది ఇంకొకరు, మధ్యలో నోటరీ కాగితం. ఈ పద్ధతి మన వైపు ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు. గొడవైతే లీజుదారు అనే మొదటి మాట "ప్రభుత్వ అనుమతి లేకుండా లీజు బదిలీ చెల్లదు" అని. ఒప్పందమే చట్టానికి విరుద్ధమని తేలితే దాన్ని అమలు చేయమని కోర్టును అడగలేరు. పెట్టిన పెట్టుబడి వాపసు కోసమే పోరాడాలి, అదీ కష్టమే. ఇలాంటి కాగితంతో వచ్చినవాళ్లకు రూపాయికి అర్ధరూపాయి వచ్చినా రాజీ పడమనే చెబుతాను. వినేవాళ్లు తక్కువ.

గనుల శాఖతో తగాదా అయితే, లీజు రద్దో, సీనరేజి (తవ్విన ఖనిజం మీద ప్రభుత్వానికి కట్టే రుసుం) పెనాల్టీయో, పర్మిట్ ఆపడమో అయితే, సివిల్ కోర్టు సరైన చోటు కాదు. ప్రభుత్వం మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసివ్వాలి, ఆలోపు క్వారీ మూతపడే ఉంటుంది. శాఖలోనే అప్పీలు, రివిజన్ ఉన్నాయి. నోటీసివ్వకుండా, మీ మాట వినకుండా ఆర్డరిస్తే అమరావతిలో హైకోర్టు రిట్. గ్రానైట్ చిన్న ఖనిజం కాబట్టి రివిజన్ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర. సైదాపురం వైపు మైకా, క్వార్ట్జ్ వాళ్లకు మాత్రం లెక్క మారింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మైకా, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, బెరైటీస్‌ను మళ్లీ పెద్ద ఖనిజాల్లో కలిపింది. రూల్సు మారాయి, తలుపులూ మారాయి. పాత ఆర్డరు కాపీ చూపించి "మా మామకు అప్పుడిట్టా అయింది" అంటే కుదరదు.

నాలుగోది ఊరివాళ్ల బాధ. దుమ్ము పడి పంట దెబ్బతింది, బ్లాస్టింగ్‌కు ఇంటి గోడ పగిలింది, బోరు ఎండింది. గోడ ఒక్కటే అయితే సివిల్ దావా వేయొచ్చు. పర్యావరణ నష్టం, ఊరంతటి బాధ అయితే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచ్ మేలు. పరిహారానికి ఐదేళ్ల దాకా గడువుంది, పని ఆపించే తగాదాకు ఆరు నెలలే. చెన్నై దూరమనుకోవద్దు, నెల్లూరోళ్లం జ్వరమొచ్చినా అక్కడికే పోతాం కదా.

కూలీల కేసులు

ఇక్కడ వాది చేతిలో డబ్బుండదు కాబట్టి ఏ దారి ఎంచుకున్నాడన్నదే అన్నిటికంటే ముఖ్యం. కనిగిరి వైపు మనిషొకడు క్వారీలో వైర్‌సా (రాయి కోసే యంత్రం) తీగ తెగి కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. కాంట్రాక్టరు యాభైవేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకోబోయాడు, వేళ్లు లేని చేతిది కాదు, ఎడమచేతిది. భార్య అడ్డుపడి ఆ కాగితం చించేసింది. ఆమె చదువుకోలేదు, కానీ మా ఆఫీసుకొచ్చినవాళ్లలో అంత తెలివైన పని చేసినవాళ్లు తక్కువ.

పనిలో గాయానికి రెండు దారులు. ఒకటి కార్మిక శాఖ కమిషనర్ దగ్గర నష్టపరిహారం. యజమాని తప్పుందని రుజువు చేయక్కర్లేదు, పనిలో జరిగిందని చూపితే చాలు. రెండోది సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా. అక్కడ ఎక్కువ మొత్తం అడగొచ్చు, కానీ అవతలివాడి నిర్లక్ష్యం రుజువు చేయాలి. ఒకటి ఎంచుకుంటే రెండోది పోతుంది. నూటికి తొంభైమందికి కమిషనర్ దగ్గరికే వెళ్లమంటాను.

లెక్క ఎలా కడతారో ఒకటి చెబుతాను. నెలజీతం 15,000 లెక్కలో 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, జీతంలో సగం 7,500ను ఆ వయసు ఫ్యాక్టర్ 207.98తో గుణించాలి. 15,59,850 రూపాయలు. కాంట్రాక్టరు తెచ్చే రెండు లక్షల కట్టను ఈ అంకె పక్కన పెట్టి చూడండి. చనిపోయిన కేసులో డబ్బు కమిషనర్ దగ్గరే జమ చేయాలి, ఇంటికొచ్చి చేతికిచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. రెండేళ్లు దాటనివ్వకుండా అర్జీ పెట్టాలి. పెద్దకర్మ అయ్యాక చూద్దాం అని వాయిదా వేసినవాళ్లు ఏడాది తర్వాత వస్తారు, అప్పటికి సాక్షులు ఒడిశాకో బీహార్‌కో వెళ్లిపోయి ఉంటారు.

ఉద్యోగం తీసేస్తే సంగతి వేరు. క్వారీలో పనిచేసేవాడి తగాదా కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళుతుంది, ఎందుకంటే గని కేంద్రం పరిధి. అదే యజమాని పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడిది రాష్ట్ర కార్మిక శాఖ. ఒకే కాంపౌండులో ఇద్దరు అన్నదమ్ములకు రెండు వేర్వేరు ఆఫీసులు. ఈ తేడా తెలియక రాష్ట్ర లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి "మా పరిధి కాదు" అన్న జవాబు కోసం నెలలు ఎదురుచూస్తుంటారు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక తొలగింపు మీద వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. అర్జీ పెట్టిన 45 రోజుల్లో రాజీ కుదరకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. జీతం బకాయికైతే మూడేళ్ల గడువుంది.

మేనేజరు, అకౌంటెంట్ల ఇన్‌చార్జి లాంటివాళ్లు కార్మికుడి నిర్వచనంలోకి రాకపోతే సివిల్ కోర్టే గతి. అక్కడ ప్రైవేటు ఉద్యోగం మళ్లీ ఇప్పించరు, నష్టం కింద డబ్బే ఇప్పిస్తారు. అందుకని వాళ్లకు నా సలహా చిన్నది: నోటీసు జీతం, గ్రాట్యుటీ, అనుభవ పత్రం, ఈ మూడూ అడిగి తీసుకుని బయటపడండి.

కాపురం తగాదాలు

నెల్లూరులో ఉన్నప్పుడు వచ్చిన ఒకామె నాకిప్పటికీ గుర్తు. మొదటి పెళ్లి పెద్దమనుషుల్లో తెగింది. స్టాంపు కాగితం మీద విడాకుల ఒప్పందం, ఇద్దరి సంతకాలు, నలుగురు సాక్షులు. ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంది. రెండో భర్త ప్రభుత్వోద్యోగి, చనిపోయాడు. ఫ్యామిలీ పెన్షన్‌కు వెళితే మొదటి పెళ్లి రద్దయిన కోర్టు డిక్రీ ఏదమ్మా అన్నారు. ఆమె ఆ స్టాంపు కాగితాన్ని లామినేషన్ చేయించి తెచ్చుకుంది, అంత నమ్మకం దాని మీద. కులాచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని హిందూ వివాహ చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే. అలాంటి ఆచారం తమకుందని కోర్టులో రుజువు చేయాలి. రుజువయ్యేదాకా ఆమెకు పెన్షన్ లేదు.

కాబట్టి ఇద్దరికీ ఇష్టమైతే పరస్పర అంగీకారం మీద ఫ్యామిలీ కోర్టులో వేయండి, 13బి అంటారు. ఏడాది విడిగా ఉండాలి. మొదటి మోషన్, అంటే ఇద్దరూ కలిసి వేసే మొదటి అర్జీ తర్వాత, రెండోదానికి ముందు ఆరు నెలల ఆగుడు ఉంటుంది, తగిన పరిస్థితుల్లో కోర్టు దాన్ని తీసేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకటి గుర్తుంచుకోండి, డిక్రీ అయ్యేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే భరణం మొత్తం మొదటిరోజే ఇచ్చేయొద్దు, అమ్మాయి వైపువాళ్లు అంతా చివరికి అని ఒప్పుకోనూ వద్దు. మొదటి మోషన్‌లో కొంత డీడీ, రెండో మోషన్ రోజు మిగతాది డీడీ. సారె సామాను, బంగారం జాబితా కూడా పిటిషన్‌లోనే రాయించండి. పోలీస్ కేసులుంటే అవెలా ముగుస్తాయో కూడా అదే కాగితంలో ఉండాలి.

ఒకరు ఒప్పుకోకపోతే కేసు నడపాల్సిందే. భార్య తాను ఉంటున్న ఊరి కోర్టులో వేసుకోవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. కేసు తేలేదాకా మధ్యంతర భరణం అడగొచ్చు. ఇద్దరూ ఆస్తి, ఆదాయం అఫిడవిట్ వేయాలని, భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు అంది. జీతం దాచే మొగుళ్లకు అప్పటి నుంచి కాస్త టెన్షన్. లోక్ అదాలత్‌లో భరణం, సామాను, పిల్లల్ని చూడడం లాంటివన్నీ తేల్చుకోవచ్చు, విడాకుల డిక్రీ మాత్రం కోర్టే ఇవ్వాలి.

విడాకులు వద్దు, డబ్బు కావాలి అనేవాళ్లూ ఉంటారు. అప్పుడు భరణం కేసు ఒక్కటే వేస్తే చాలు. కోపంలో నాలుగు కేసులు కలిపి వేస్తే నెలకు నాలుగు వాయిదాలు, నాలుగు రోజుల కూలి పోతాయి.

ప్రాక్టీసు వదిలేసిన బారిస్టరు పేరు పెట్టుకున్న జిల్లాలో ఇంతమంది వకీళ్లం బతుకుతున్నామని మావాళ్లు జోకేస్తుంటారు. ఫీజుకు భయపడి ఆగిపోయేవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, కార్మికులకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. ఒంగోలులో, నెల్లూరులో కోర్టు కాంపౌండులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు సంచిలో ఒరిజినల్స్ పెట్టుకోవద్దు, రెండు సెట్ల జిరాక్సులు చాలు. అన్నిటికంటే పైన ఒక తెల్లకాగితం పెట్టండి, దాని మీద తారీఖులు మాత్రమే: ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కాదన్నాడు. నేను ముందు చదివేది ఆ కాగితమే.

స్లాబుల వ్యాపారి మూడో విడత డీడీ జిరాక్సు ఇవ్వడానికి సంక్రాంతి ముందు వచ్చాడు. కింద బండి దగ్గర ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. "ఎవరన్నా?" అంటే, "వాడే. చీమకుర్తి దాకా లిఫ్ట్ ఇస్తానన్నాడు" అన్నాడు.